పాటకు ఇస్త్రీ – రికార్డింగులలో మన గొంతుకు ఏమవుతోంది?

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మా బడి పిల్లలు ప్రతి ఏటా రేల ఆట ఆడతారు. ఒక ఏడు పాడే పెద్దవాళ్ళు ఎవరూ దొరకలేదు. నాట్ల రోజులు, అందరూ పొలాల్లో ఉన్నారు. పిల్లలు ఫోనులో దొరికిన ఒక కోయ పాటను పెద్ద స్పీకరులో పెట్టుకుని అడుగులు వేశారు. దారిన పోతున్న ఒక అవ్వ ఆ పాట విని ఆగింది. ఆమెకు తెలిసిన పాటే. గట్టు మీద తట్ట దింపి, వచ్చి పిల్లల చేతులు పట్టుకుని వరుసలో కలిసింది. రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. "ఈ పాటలో ఊపిరి తీసుకునే చోటే లేదు బిడ్డా" అని పక్కకు వెళ్ళి కూర్చుంది.

ఆ మాటను మేము మొదట ఆమె వయసు మీద వేశాం. అవ్వకు ఆయాసం వచ్చిందనుకున్నాం. ఆ రాత్రి అదే పాటను హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాం. అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. పాడే మనిషి పంక్తికీ పంక్తికీ మధ్య ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. మన పాటలో ముందు పాడే ఆమె పంక్తి చివరికి చేరుతుండగానే గుంపు అందుకుంటుంది. రెండు గొంతులూ ఒక క్షణం ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆ క్షణంలోనే అడుగు మారుతుంది. ఈ రికార్డింగులో ఆ కలిసే చోటు లేదు. కత్తితో కోసినట్టు ఒక గొంతు ఆగాక ఇంకొకటి మొదలైంది. ఇంకో సంగతి కూడా పట్టుకున్నాం. గుంపులో ఒకామె చిన్నగా దగ్గింది. ఆ దగ్గు ప్రతి చరణంలోనూ అదే చోట, అదే తీరుగా వినిపించింది. పదకొండుసార్లు లెక్కపెట్టాం. గుంపు పాడింది ఒక్కసారే. మిగతా పదిసార్లు అతికించినవి.

ఈ వ్యాసం ఆ అవ్వ మాట మీద. మన పాటల రికార్డింగులను మనం ఇంతవరకూ సాహిత్యం వైపు నుంచే చూశాం. పదాలు సరిగా ఉన్నాయా, అర్థం చెడిందా, మన దేవతల పేర్లు మార్చారా అని అడిగాం. అవి అడగవలసిన ప్రశ్నలే. కానీ పదం ఒక్కటీ మార్చకుండా పాటను మార్చేయవచ్చునని మాకు ఆ రాత్రి తెలిసింది. ఆ మార్పు జరిగేది రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో, చానెల్ ఎఫెక్టులు అనే చోట. కాబట్టి వాటి గురించి కూడా విమర్శ రావాలి. మేము సౌండ్ ఇంజనీర్లం కాము. డి.ఎడ్. చేసి, ఆశ్రమ పాఠశాలల్లో ఇరవై ఏళ్ళుగా చిన్న తరగతులకు చెబుతున్నవాళ్ళం. పిల్లల కోసం పాటలు, కథలు రికార్డు చేయాలని ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాం. మా పరిచయం అంతవరకే. అయితే ఆ పాటలు వింటూ పెరిగిన చెవులు మావి. ఈ విషయంలో ఆ అర్హత చిన్నది కాదనుకుంటున్నాం.

ఇది ఎందుకు ఇప్పుడే మాట్లాడాలి? 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా చెప్పినవాళ్ళు నాలుగు లక్షలకు పైబడి ఉన్నారు. కానీ పెద్ద పాటలు, కథాగానాలు పూర్తిగా తెలిసినవాళ్ళు ఊరికి ఒకరిద్దరు మిగిలారు. కంచుమేళం, డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో వచ్చింది. ఇద్దరూ 2024లో వెళ్ళిపోయారు. ఇలాంటి పెద్దలు పోయాక మన పిల్లలకు మిగిలేది రికార్డింగే. దానిలో ఏది వినిపిస్తే అదే పాట అనుకుంటారు. రికార్డింగులో ఊపిరి లేకపోతే పాటకు ఊపిరి అక్కర్లేదనుకుంటారు.

కాలువ, తూము

చానెల్ అంటే కాలువ. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ మాట అదే పని చేస్తుంది. పాడే ఆమెకు ఒక మైకు, గుంపుకు ఒక మైకు, డోలుకు ఒక మైకు పెట్టామనుకోండి. మూడు శబ్దాలు మూడు కాలువల్లో వస్తాయి. చివరన మూడూ ఒక చెరువులో కలుస్తాయి. అలా కలపడాన్ని మిక్సింగ్ అంటారు. చెరువులో కలిసే ముందు ఒక్కొక్క కాలువ మీద తూములు, జల్లెడలు పెట్టవచ్చు. అవే చానెల్ ఎఫెక్టులు. ఒక కాలువ మీద పెట్టిన జల్లెడ ఆ కాలువ నీటినే వడకడుతుంది, పక్క కాలువను ముట్టుకోదు. ఏది ముందు పెట్టాం, ఏది తర్వాత పెట్టాం అనేది కూడా లెక్కలోకి వస్తుంది. చెత్త వడకట్టాక తూము తిప్పడం వేరు, చెత్తతోనే తూము తిప్పడం వేరు.

మన పాటల విషయంలో మొదటి చిక్కు ఇక్కడే ఉంది. చాలామంది ఒకే ఫోనుతో అందరినీ కలిపి రికార్డు చేస్తారు. ఉన్నది ఒకే కాలువ. దానిమీద గొంతు కోసం ఏ ఎఫెక్టు పెట్టినా అది డోలు మీద, గజ్జెల మీద, అడుగుల మీద కూడా పడుతుంది. గొంతుకు మందు వేస్తే కాలికి కూడా తగిలినట్టు. ఈ సంగతి తెలియక చేసే నష్టమే ఎక్కువ.

ఒక్కొక్క ఎఫెక్టు – ఏం ఇస్తుంది, ఏం తీసుకుంటుంది

మనిషి చెవి వినగలిగేది సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. లో కట్ లేదా హై పాస్ అనే ఫిల్టరు ఒక గీత గీసి, దాని కింద ఉన్న బొంగురు శబ్దాలను తీసేస్తుంది. గొంతు చానెల్ మీద 80 హెర్ట్జ్ దగ్గర గీత పెడితే మేలే. గాలి మైకుకు కొట్టుకునే శబ్దం, మన కరెంటు వల్ల వచ్చే 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత తగ్గుతాయి. ఆడగొంతు అంత కిందికి దిగదు కాబట్టి పాటకు నష్టం లేదు. కానీ పెద్ద డోలు గుండె ఉండేది ఆ కిందనే. మట్టి నేల మీద ఇరవై మంది ఒకేసారి వేసే అడుగు కూడా అక్కడే ఉంటుంది. అందరూ ఉన్న ఒకే చానెల్ మీద ఈ గీతను 150 దగ్గర పెట్టేస్తే డోలు డబ్బా అయిపోతుంది, అడుగు మాయమవుతుంది. ఆ తర్వాత "బేస్ లేదు" అని బయట నుంచి ఒక తయారీ డ్రమ్ము తెచ్చి అతికిస్తారు. మేము విన్న చాలా జాతర పాటల్లో జరిగింది ఇదే. మన డోలును తీసేసింది మనమే, లేదని అరువు తెచ్చుకున్నదీ మనమే.

గేటు అనేది రెండోది. శబ్దం ఒక మట్టం కంటే తగ్గితే గేటు తలుపు మూసి పూర్తి నిశ్శబ్దం చేస్తుంది. ఒక మనిషి పాఠం చదివే రికార్డింగుకు ఇది పనికొస్తుంది. మాటల మధ్య ఫ్యాను చప్పుడు వినిపించదు. మన పాటకు మాత్రం ఇది గొడ్డలి. పాడేవాళ్ళ ఊపిరి, పంక్తి చివర సన్నగా సాగే గొంతు, దూరంగా ఉన్నవాళ్ళు అందుకునే మొదటి అక్షరం, కదలికలో మోగే చిన్న గజ్జె, అన్నీ ఆ మట్టం కిందే ఉంటాయి. గేటు వాటిని చెత్త అనుకుంటుంది. దానికి పాట తెలియదు, మట్టమే తెలుసు. అవ్వ వెతికిన ఊపిరి పోయింది ఈ తలుపు దగ్గరే. మిగిలిన ఖాళీని కత్తిరించి పంక్తులను దగ్గరకు జరపడం ఆ తర్వాతి పని.

మూడోది కంప్రెసర్. పెద్ద శబ్దాన్ని తగ్గించి, చిన్న శబ్దానికి దగ్గర చేస్తుంది. ఐదో తరగతి లెక్కలాగే ఉంటుంది. గీత −20 డెసిబెల్ దగ్గర పెట్టి, నిష్పత్తి 4:1 అన్నామనుకోండి. గొంతు −8 దాకా లేచింది. గీత దాటినది 12. దాన్ని నాలుగో వంతు చేస్తే 3. అంటే గొంతు −17 దగ్గరే ఆగుతుంది. ఇలా గుట్టలను చదును చేశాక మొత్తం మట్టాన్ని పైకి లేపుతారు. ఫోను స్పీకరులో ప్రతి మాటా వినబడాలంటే కొంచెం కంప్రెసర్ అవసరమే. దీన్ని మేము తప్పు పట్టడం లేదు. కానీ రేల ఆట గుండ్రంగా తిరుగుతుంది. మైకు దగ్గరకు వచ్చిన గొంతు పెద్దదవుతుంది, చుట్టు తిరిగి అవతలికి పోయినప్పుడు చిన్నదవుతుంది. ఆ పెరగడం తరగడంలోనే ఆట తిరుగుతున్నదని కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. గట్టి కంప్రెసర్ పెడితే ఆ చుట్టు చదునైపోతుంది. అందరూ గోడకు ఆనుకుని నిలబడి పాడినట్టు ఉంటుంది. ఇంకా ఒకటి. కంప్రెసర్ ఎంత తొందరగా పట్టుకోవాలో చెప్పే మర ఉంటుంది. దాన్ని మరీ తొందరకు తిప్పితే డోలు మీద పుల్ల తగిలే మొదటి దెబ్బనే మింగేస్తుంది. మోత మిగులుతుంది, దెబ్బ పోతుంది. అడుగు వేసేవాళ్ళకు కావలసింది దెబ్బ.

నాలుగోది శ్రుతి దిద్దే ఎఫెక్టు. ఆటో ట్యూన్ అనే పేరుతో 1997లో అంటారీస్ అనే అమెరికా సంస్థ దీన్ని తెచ్చింది. దీన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకు ముందు భూమిలోకి శబ్ద తరంగాలు పంపి చమురు ఎక్కడుందో కనిపెట్టే లెక్కల్లో పనిచేసినవాడు. మరుసటి ఏడాది షేర్ అనే గాయని పాటతో ఇది లోకమంతా తెలిసిపోయింది. ఇది చేసే పని ఏమంటే, ఒక స్థాయిని 12 సమాన మెట్లుగా విడగొట్టి, పాడే గొంతు రెండు మెట్ల మధ్య ఎక్కడ ఉన్నా దగ్గరి మెట్టు మీదికి లాగుతుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య 100 సెంట్లు అని లెక్క. మన అవ్వలు పాడే స్వరం 40 దగ్గరో 60 దగ్గరో నిలబడితే అది తప్పని ఆ యంత్రం అనుకుంటుంది. తప్పని ఎవరు చెప్పారు? ఆ 12 మెట్లు పియానో, హార్మోనియం కట్టలవి. మన పాట వాటిని చూసి పుట్టలేదు.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తు చేస్తాం. 1940లో ఆకాశవాణి హార్మోనియంను తన స్టూడియోల నుంచి బయటపెట్టింది. దాని కట్టల మధ్య స్వరాలు పలకవని, మన సంగీతంలోని సన్నని శ్రుతులు దానిలో పట్టవని పెద్ద విద్వాంసులు, పండితులు అభ్యంతరం చెప్పారు. మూడు దశాబ్దాల పాటు ఆ నిషేధం నడిచింది. నిషేధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కట్టల మధ్య ఉన్న స్వరాన్ని శాస్త్రీయ సంగీతంలో సూక్ష్మత అన్నారు. అదే కట్టల మధ్య స్వరం ఒక కోయ అవ్వ గొంతులో వస్తే "పిచ్ అవుట్" అంటున్నారు. స్వరం ఒక్కటే, పాడే మనిషిని బట్టి పేరు మారుతోంది. ఈ తేడాను మన పిల్లలు నేర్చుకోవడమే మాకు అన్నిటికంటే బాధ. మా తరగతిలో ఒక అమ్మాయి, "మా నాయనమ్మ తప్పుగా పాడుతుంది సార్, ఫోనులో కరెక్టుగా ఉంది" అన్నది. ఆ పాట ఆ నాయనమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్ళే ఫోనులో పాడింది.

ఐదోది రివర్బ్. గది ప్రతిధ్వనిని కల్పించి చూపే ఎఫెక్టు. దీన్ని ఒక్కొక్క చానెల్ మీద విడివిడిగా పెట్టవచ్చు. పక్కన వేరే కాలువ ఒకటి తీసి, దానిమీద ఒక్క రివర్బ్ పెట్టి, అన్ని చానెళ్ళ నుంచీ కొంచెం కొంచెం నీళ్ళు దానిలోకి పంపవచ్చు కూడా. రెండో పద్ధతి మేలు. అందరూ ఒకే చోట నిలబడి పాడినట్టు ఉంటుంది, కంప్యూటరు మీద భారమూ తగ్గుతుంది. అయితే ముందు అడగవలసిన ప్రశ్న: మన పాటకు ఏ గది? ఇప్ప చెట్టు కింద, కోతలైన మడిలో, పండగనాడు ఊరి నడిమి వాకిట్లో పాడే పాట మనది. అక్కడ గోడలు లేవు. గొంతు వెళ్ళిపోతుంది, తిరిగి రాదు. దానికి "లార్జ్ హాల్" పెడితే పాట ఎవరిదో పెద్ద మేడలోకి పోయినట్టు ఉంటుంది. మాటల చివరి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి మసకబారతాయి. భాష నేర్చుకుంటున్న పిల్లలకు ఆ చివరి అక్షరాలే ముఖ్యం. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నది కోయలో పదం చివరే తెలుస్తుంది.

మా తప్పు

ఇంతవరకూ ఇతరుల రికార్డింగుల గురించి చెప్పాం. మా సొంత సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. కొన్నేళ్ళ క్రితం మా ఊరి పక్క గూడెంలో ఒక పెద్దామె దగ్గర విత్తనాల పండగ పాట ఒకటి రికార్డు చేశాం. నలభై నిమిషాల పాట. పూర్తిగా తెలిసింది ఆమె ఒక్కతికే. మాకు అప్పుడు సాఫ్ట్‌వేర్ రాదు. పక్క పట్టణంలో ఒక స్టూడియోకు తీసుకెళ్ళి ఇచ్చాం. "బాగా చేసి ఇవ్వండి" అన్నాం. "బాగా" అంటే ఏమిటో మేము చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. వాళ్ళకు తెలిసిన బాగు వాళ్ళు చేశారు. శ్రుతి దిద్దారు, హాలు రివర్బ్ పెట్టారు, కింద ఒక తయారీ తాళం పరిచారు, నలభై నిమిషాలను ఆరు నిమిషాలు చేశారు. మేము సంతోషంగా తెచ్చుకున్నాం. పెద్దామెకు వినిపిస్తే చాలాసేపు విన్నది. "పిల్ల బాగ పాడుతుంది. ఎవరి బిడ్డ?" అని అడిగింది.

మేము నవ్వాం. తన గొంతు తనకు తెలియలేదని అనుకున్నాం. రెండేళ్ళకు ఆమె పోయింది. పాట మొత్తం కావలసి వచ్చి స్టూడియోకు వెళితే, మూల రికార్డింగు లేదన్నారు. ఎఫెక్టులు పెట్టి, దాని మీదనే మళ్ళీ సేవ్ చేశారట. మేము ఇచ్చిన మెమరీ కార్డును మేమే తుడిచి వేరే పనికి వాడుకున్నాం. స్టూడియోవాళ్ళను మేము తిట్టలేదు. నలభై నిమిషాల పాటకు ఒక నకలు పెట్టుకోవాలని తెలియనిది మాకు. ఇప్పుడు ఆ ఊళ్ళో విత్తనాల పండగకు ఆరు నిమిషాల పాట స్పీకరులో పెడుతున్నారు. మిగతా ముప్పై నాలుగు నిమిషాల్లో ఏ కొండ పేరు ఉందో, ఏ విత్తనం పేరు ఉందో చెప్పేవాళ్ళు లేరు.

యువకుల మాట

ఈ సంగతులు చెప్పినప్పుడు మన యువకులు గట్టిగానే ఎదురు మాట్లాడారు. వాళ్ళ మాటల్లో న్యాయం ఉంది, దాటవేయకూడదు. మొదటిది, "ఎఫెక్టులు లేకపోతే ఎవరూ వినరు సార్" అన్నారు. రెండోది, "మైదానపోళ్ళ పాటలకు అన్నీ ఉండొచ్చు, మన పాట మాత్రం పచ్చిగా మ్యూజియంలో ఉండాలా?" అన్నారు. మూడోది, "మైకు పెట్టడమే ఒక ఎఫెక్టు కదా, అసలు పాట అనేది రికార్డులో ఎక్కడుంది?" అన్నాడు ఒకడు.

మూడో ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు పట్టుకుంది. నిజమే, మైకును ఎవరి ముందు పెట్టామో అదే మొదటి ఎఫెక్టు. పచ్చి రికార్డింగు అంటే పవిత్రమైనదేమీ కాదు. కాబట్టి ఎఫెక్టు ఉందా లేదా అన్నది మా ప్రశ్న కాదు. ఆ ఎఫెక్టు ఎవరి చెవిని బట్టి పెట్టారు అన్నది ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌లో "వోకల్", "డ్రమ్" అని ముందే తయారుచేసి పెట్టిన అమరికలు ఉంటాయి. అవి ఎక్కడో ఒక స్టూడియోలో, ఒక తీరు పాట కోసం, ఒకరి చెవి మెచ్చినవి. మనం ఆ బటను నొక్కినప్పుడు ఆ చెవిని అరువు తెచ్చుకుంటున్నాం.

రెండో మాటకు మా జవాబు: మీరు రాసుకున్న కొత్త పాటకు మీ ఇష్టం. కోయలో, గోండిలో ర్యాప్ పాడండి, ఆటో ట్యూన్ పూర్తిగా తిప్పి గొంతును మరమనిషి గొంతు చేయండి. అది మీ పాట, ఆ ఎఫెక్టు మీరు ఎంచుకున్న వాయిద్యం. అలాంటివి రావాలని మేమే కోరుకుంటున్నాం. కానీ పెద్దవాళ్ళు పాడినదాన్ని "ఇది మా సంప్రదాయ పాట" అని పేరు పెట్టి బయటికి వదిలేటప్పుడు లెక్క వేరు. అక్కడ గొంతు మీది కాదు.

మొదటి మాట, ఎవరూ వినరన్నది. ఇందులో కొంత భయం కూడా ఉంది. పాట బిగ్గరగా ఉంటేనే వింటారనుకుని కంప్రెసర్‌ను గట్టిగా బిగిస్తున్నారు. కానీ యూట్యూబ్ లాంటి చోట్ల మరీ బిగ్గరగా ఉన్న పాటను వాళ్ళే తగ్గించి వినిపిస్తారు. అంటే పాటను చదును చేసి మనం సంపాదించిన మోత అక్కడ దక్కదు, చదును మాత్రం మిగులుతుంది.

ఒక మంచి రికార్డింగు

మాకు నచ్చినదాని గురించి కూడా చెప్పాలి. మా మండలంలోనే ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు పోయిన ఏడు వాళ్ళ ఊరి పెళ్ళి పాటలు రికార్డు చేశారు. స్టూడియో లేదు, రెండు ఫోన్లే. ఒక ఫోను పాడే ఆమెకు మూడు అడుగుల దూరంలో స్టూలు మీద పెట్టారు. రెండోది డోలు దగ్గర కాకుండా ఆట తిరిగే గుండ్రానికి బయట కొమ్మకు కట్టారు. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టించి, రెండు రికార్డింగులలో ఆ చప్పట్లు చూసి కంప్యూటరులో జత కలిపారు. అలా వాళ్ళకు రెండు కాలువలు దొరికాయి.

వాళ్ళు పెట్టిన ఎఫెక్టులు చూపించమని అడిగాం. గొంతు చానెల్ మీద 80 దగ్గర లో కట్, 2:1 మెత్తని కంప్రెసర్. బయటి చానెల్ మీద ఏమీ లేదు. రివర్బ్ లేదు. గేటు లేదు. వింటే మాట తేటగా ఉంది, వెనుక ఆట తిరుగుతోంది, నేల మోగుతోంది. మధ్యలో ఒక కోడి కూసింది. ఎవరో పిల్లవాడిని కసిరారు. "ఇవి తీసేయలేదేం?" అని అడిగితే, "పెళ్ళిలో కోడి ఉంటది గద సార్" అన్నారు. లోపాలు లేవని కాదు. రెండు ఫోన్లూ కొంచెం కొంచెంగా వేరే వేగాల్లో నడిచి, ఇరవై నిమిషాల తర్వాత గొంతు రెండుగా వినబడింది. అక్కడ రెండో చానెల్‌ను మళ్ళీ జరపవలసింది, జరపలేదు. డోలు కొన్నిచోట్ల మరీ దూరమైంది. అయినా మేము విన్నవాటిలో ఆ పాటకు తోడుగా అడుగు వేయగలిగిన రికార్డింగు ఇదొక్కటే.

బడిలో మనం చేయగలిగినది

ఉపాధ్యాయ మిత్రులకు, యువకులకు మా అనుభవం నుంచి కొన్ని మాటలు.

మూల రికార్డింగును ముట్టుకోకండి. దాన్ని వేవ్ ఫైలుగా రెండు చోట్ల దాచి, నకలు మీదనే పనిచేయండి. సీడీ స్థాయి నాణ్యతలో నిమిషానికి 10 ఎంబీకి కొంచెం పైన పడుతుంది. మేము పోగొట్టుకున్న నలభై నిమిషాల పాటకు 425 ఎంబీ కూడా అయ్యేది కాదు. ఇప్పుడు ఒక సినిమాకే అంతకు రెట్టింపు పడుతుంది.

రికార్డు చేసేటప్పుడు మట్టం సున్నాకు తగలనివ్వకండి. అందరికంటే గట్టి కేక −6 డెసిబెల్ దగ్గర ఆగేలా చూసుకోండి. సున్నా దాటి పగిలిన గొంతును ఏ ఎఫెక్టూ పూర్తిగా అతికించలేదు.

ఆడాసిటీ వాడేవాళ్ళు 2022లో వచ్చిన 3.2 లేదా ఆ తర్వాతి రకం వేసుకోండి. అంతకు ముందు ఎఫెక్టు పెడితే శబ్దమే మారిపోయేది. ఇప్పుడు ట్రాక్ పక్కనున్న ఎఫెక్ట్స్ బటను నొక్కి వరుసగా పేర్చుకోవచ్చు, పాట నడుస్తుండగానే వేసి తీసి పోల్చుకోవచ్చు. పోల్చేటప్పుడు రెండూ ఒకే మోతలో ఉండేలా చూడండి. బిగ్గరగా ఉన్నదే బాగుందని చెవి మోసపోతుంది. ప్రతి ఎఫెక్టునూ ఒకసారి తీసి వినండి. తీసినా పాటకు లోటు లేకపోతే ఇక పెట్టకండి.

పాడినవారి పేరు, ఊరు, తేదీ, పాట ఎప్పుడు పాడతారు, బయటికి వదలడానికి ఒప్పుకున్నారా అన్నది రికార్డింగు మొదట్లోనే వాళ్ళ నోటితో చెప్పించండి. కొన్ని పాటలు పండగ రోజు తప్ప పాడకూడనివి ఉంటాయి. అవి రికార్డు చేయకపోవడం కూడా మన పనే.

చివరిది, మాకు అన్నిటికంటే పెద్దది. మిక్సింగ్ అయ్యాక దాన్ని మొదట వినవలసింది యూట్యూబ్ కాదు, పాడిన మనిషి. ఆమెకు మూడు సంగతులు తెలియాలి. ఇది తన గొంతేనా? దీనికి అడుగు పడుతుందా? ఇది విని మనవరాలు పాట నేర్చుకోగలదా? ఈ మూడింటికీ అవునంటే ఆ రికార్డింగులో ఎన్ని ఎఫెక్టులున్నా మాకు అభ్యంతరం లేదు. ఒక్కదానికి కాదన్నా, సాఫ్ట్‌వేర్ తెరిచి మళ్ళీ మొదటికి రావాలి.

మా పెద్దామె "ఎవరి బిడ్డ?" అని అడిగినప్పుడు మేము చేయవలసిన పని అదే. నవ్వకుండా, ఆ రోజే స్టూడియోకు తిరిగి వెళ్ళి ఉంటే మూల రికార్డింగు అక్కడ దొరికి ఉండేదేమో. మీ ఊళ్ళో పాడేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ సెలవుల్లో రెండు ఫోన్లు తీసుకుని వెళ్ళండి. రికార్డు చేశాక మాకు కాదు, ముందు వాళ్ళకే వినిపించండి.